సబ్బుల కంపెనీలో ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

సబ్బులు, బిస్కెట్లు, టూత్‌పేస్టులు, షాంపూలు అమ్మే పెద్ద కంపెనీలు, అదే ఎఫ్ఎంసీజీ అంటారే, వాటిల్లో చేరాలనుకునేవాళ్ళు నన్ను పదేపదే అడిగేవన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను ఎక్కువ కాలం సేల్స్‌లోనే ఉన్నాను, అదీ కోస్తాలోనూ తెలంగాణ జిల్లాల్లోనూ, కాబట్టి సేల్స్ గురించి ఎక్కువ ఉంటుంది, ఫ్యాక్టరీల గురించి తక్కువ, ముంబై హెడ్డాఫీసు గురించి ఇంకా తక్కువ.

పెద్ద పేరున్న కంపెనీ. కళ్ళు మూసుకుని చేరిపోవచ్చా?

కళ్ళు తెరుచుకునే చేరండి. బయటికి కంపెనీ ఒకటే, లోపల ఉద్యోగాలు నాలుగు రకాలు. ముంబైలో బ్రాండ్ చూసే ఎంబీఏ ఒకరు, జిల్లాలో ఏరియా చూసే సేల్స్ ఆఫీసర్ ఒకరు, కొత్తూరులోనో శ్రీసిటీలోనో ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే ఆపరేటర్ ఒకరు, డిస్ట్రిబ్యూటర్ (కంపెనీ దగ్గర సరుకు కొని కొట్లకి వేసే వ్యాపారి) దగ్గర జీతం తీసుకుంటూ కంపెనీ టీషర్టు వేసుకుని కొట్లు తిరిగే సేల్స్‌మన్ ఒకరు. నలుగురినీ ఎక్కడ చేస్తున్నావని అడిగితే అదే కంపెనీ పేరు చెప్తారు. మీ బావమరిది స్నేహితుడు "అబ్బో, సూపర్ కంపెనీ" అన్నాడంటే ఆయన ఈ నలుగురిలో ఎవరో ముందు కనుక్కోండి. నన్నడిగితే కంపెనీ పేరు చూసే ముందు మూడు చూడాలి: జీతం ఎవరి పేరు మీద పడుతుంది, ఏ డిస్ట్రిబ్యూటర్‌ని మీ చేతికి ఇస్తున్నారు, మీ పైన మేనేజర్ ఎవరు. ఈ మూడూ బాగుంటే చిన్న కంపెనీలో కూడా హాయిగా ఉండొచ్చు, బాగోకపోతే దేశంలో నంబర్ వన్ కంపెనీ అయినా ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుంది.

ఆన్ రోల్, ఆఫ్ రోల్ అంటున్నారు. తేడా అంత ఉంటుందా?

ఉంటుంది. ఆన్ రోల్ అంటే ఆఫర్ లెటర్ మీద కంపెనీ పేరే ఉంటుంది. ఆఫ్ రోల్ అంటే మధ్యలో ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీ ఉంటుంది, లెటర్ వాళ్ళది, పీఎఫ్ వాళ్ళది, పని మాత్రం కంపెనీది, టార్గెట్ అడిగేది కంపెనీ మేనేజరే. మూడో రకం కూడా ఉంది, డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్. అతనికి జీతం ఇచ్చేది డిస్ట్రిబ్యూటర్, అందులో కొంత కంపెనీ తిరిగి ఇస్తుంది, చాలా చోట్ల లెటర్ కూడా ఉండదు. బీట్‌లో, అంటే ఆ రోజు తిరగాల్సిన కొట్ల లైన్‌లో, అందరికంటే ఎక్కువ ఎండలో తిరిగేది ఇతనే, అయినా కంపెనీ వార్షిక నివేదికలో ఉద్యోగుల లెక్కలోకి రాడు.

తేడా తెలిసేది రోజువారీ పనిలో కాదు, జ్వరం వచ్చినప్పుడు, యాక్సిడెంట్ అయినప్పుడు, మానేసినప్పుడు. ఆన్ రోల్ వాళ్ళకి మెడిక్లెయిమ్, గ్రాట్యుటీ, ఇన్సెంటివ్ స్లాబులు అన్నీ కాగితం మీద ఉంటాయి. ఆఫ్ రోల్ అయితే మీరే అడిగి తెలుసుకోవాలి. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికని తీసుకున్నవాళ్ళకి ఏడాది చేసినా చాలు, గ్రాట్యుటీ లెక్క కట్టాలి. కాబట్టి లెటర్ అడగడానికి మొహమాటపడొద్దు.

జీతం ఇంత అన్నారు, చేతికి వచ్చేది అంత లేదు. ఎందుకు?

వాళ్ళు చెప్పింది సీటీసీ, అంటే కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు కాబట్టి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపేస్తారు. చాలా చోట్ల పీఎఫ్‌ని 15,000 మీద లెక్కేస్తారు, 12 శాతం అంటే మీ వాటా 1,800, కంపెనీ వాటా ఇంకో 1,800, రెండూ సీటీసీలోంచే. వేతనం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ కూడా, మీ నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. ఇన్సెంటివ్‌ని కూడా సీటీసీలో కలిపి చెప్పే హెచ్ఆర్ వాళ్ళుంటారు, అలాంటప్పుడు "సార్, టార్గెట్ అసలు రాకపోతే నా ఖాతాలో పడేది ఎంత?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు. ఆ అంకె మీదే ఇంటి అద్దె, ఈఎంఐ లెక్కేసుకోండి.

సేల్స్‌లో రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఏజెన్సీ దగ్గర, అంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉండాలి. గోడౌన్ షట్టర్ ముందు నిలబడి మీటింగ్, నిన్న ఎవరెంత కొట్టారు, ఇవాళ ఏ లైన్, ఏ స్కీమ్ (కొనేవాళ్ళకి ఇచ్చే తగ్గింపు) నడుస్తోంది. తర్వాత బీట్. సేల్స్ ఆఫీసర్ అయితే ఒక సేల్స్‌మన్ వెంట వెళ్తారు, సేల్స్‌మన్ అయితే రోజుకి నలభై దాకా కొట్లు. వింటే తేలిగ్గానే ఉంటుంది.

ఒక కొట్టు దగ్గర అసలేం జరుగుతుందో చెప్తాను. సత్తెనపల్లి వైపు ఒక కిరాణా కొట్టు అనుకోండి. ఆయన కందిపప్పు తూస్తున్నాడు, ముందు ముగ్గురు గిరాకీలు ఉన్నారు, మీకంటే ముందే వచ్చిన బిస్కెట్ల సేల్స్‌మన్, టీపొడి సేల్స్‌మన్ ట్యాబులు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నారు. గిరాకీలు అయిపోయాకే మీ వంతు. "బాబాయ్ గారూ, ఆర్డర్ చెప్పండి" అనగానే ఆయన ఆర్డర్ చెప్పడు, బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె బయటికి లాగుతాడు. కారిపోయిన షాంపూ ప్యాకెట్లు, ఎలుక కొరికిన సబ్బులు, డేటు అయిపోయిన రెండు పేస్టులు. "ముందు ఇవి పట్టుకెళ్ళు, ఆర్డర్ సంగతి తర్వాత. పోయిన నెల వచ్చినతను కూడా రాసుకునే వెళ్ళాడు." డ్యామేజీ మార్చే బడ్జెట్ ఈ నెలకి అయిపోయిందని మీకు తెలుసు, ఆయనకి చెప్పలేరు. ఈలోగా ఆర్డర్ కొట్టే యాప్ మీరు కొట్టుకి ఎనభై మీటర్ల దూరంలో ఉన్నారని చూపిస్తుంది, రోడ్డు మీదకొచ్చి ఫోన్ పైకెత్తి మళ్ళీ లొకేషన్ పట్టించుకోవాలి. చివరికి ఒక షాంపూ దండ, డజను సబ్బులు రాయిస్తాడు. బిల్లు పడింది కాబట్టి అది ప్రొడక్టివ్ కాల్. ఇక తర్వాతి కొట్టు.

ఇది నచ్చేవాళ్ళకి బాగా నచ్చుతుంది, అది కూడా చెప్పాలి. ఏడాది తిరిగేసరికి ఆ లైన్‌లో ప్రతి కొట్టాయనా మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తాడు, పెళ్ళిళ్ళకి పిలుస్తాడు, మజ్జిగ ఇస్తాడు. ఒక్కచోట కూర్చోలేని మనిషికి ఏసీ ఆఫీసు కంటే ఇదే నయం. మే నెలలో పల్నాడు, ఖమ్మం, రామగుండం వైపు బండి మీద తిరిగేటప్పుడు మాత్రం ఎంత ఇష్టమున్నవాడికైనా ఏసీ గుర్తొస్తుంది.

టార్గెట్ టెన్షన్ నిజంగా అంత ఉంటుందా?

నెల మొదటి పది రోజులు ఉండదు, చివరి ఐదు రోజులు ఇంకేమీ ఉండదు. (కొన్ని కంపెనీల్లో నెల అంటే 21 నుంచి 20 దాకా, పండగ మధ్యలో పడిందంటే ఇక చూడక్కర్లేదు.)

ఇది అర్థం కావాలంటే రెండు మాటలు తెలియాలి. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి సరుకు వెళ్తే అది ప్రైమరీ, డిస్ట్రిబ్యూటర్ నుంచి కొట్లకి వెళ్తే సెకండరీ. కంపెనీకి అమ్మకం కింద లెక్కపడేది ప్రైమరీయే. కాబట్టి కొట్లలో సరుకు కదలకపోయినా నెలాఖరుకి డిస్ట్రిబ్యూటర్ గోడౌన్లోకి తోసేస్తే టార్గెట్ వచ్చినట్టే కనిపిస్తుంది. దీన్నే డంపింగ్ అంటారు.

డిస్ట్రిబ్యూటర్ ఎందుకు గొడవపడతాడో ఒక చిన్న లెక్కతో చెప్తాను, అంకెలు తేలిగ్గా ఉండేవి తీసుకుంటున్నాను. స్టాకులో 10 లక్షలు, కొట్లకిచ్చిన అరువులో 5 లక్షలు, మొత్తం 15 లక్షలు పెట్టాడు. నెలకి 30 లక్షలు అమ్ముతాడు, 5 శాతం మార్జిన్ అంటే లక్షన్నర. వ్యాన్లు, జీతాలు, గోడౌన్ అద్దె పోతే 40 వేలు మిగిలాయి, ఏడాదికి 4.8 లక్షలు. పెట్టిన దాని మీద 32 శాతం, బాగానే ఉంది. ఇప్పుడు మీరు నెలాఖరున ఇంకో 10 లక్షల సరుకు దించారు, అమ్మకం మాత్రం పెరగలేదు. పెట్టుబడి 25 లక్షలైంది, లాభం అదే, 19 శాతానికి పడిపోయింది. పైగా ఆ 10 లక్షలు బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) మీద తెచ్చి ఉంటే వడ్డీ కూడా పోతుంది. ఆయన మీ ఫోన్ ఎత్తడం మానేసేది అందుకే, మీ మీద కోపంతో కాదు.

ఈ లెక్క తెలిసిన సేల్స్ ఆఫీసర్‌కి టెన్షన్ సగం తగ్గుతుంది. స్టాకు ఎన్ని రోజులకి సరిపడా ఉందో చూసుకుని ఆర్డర్ పెట్టించేవాడి మాట డిస్ట్రిబ్యూటర్ వింటాడు, అవసరమొచ్చిన నెలలో ఆదుకుంటాడు కూడా. ప్రతి నెలా "ఈ ఒక్కసారికి అన్నా" అనేవాడికి నాలుగో నెల దారి ఉండదు.

మేనేజర్ నోటిమాటగా స్కీమ్ చెప్పాడు. నమ్మొచ్చా?

మెయిల్ వచ్చేదాకా నమ్మొద్దు. నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు అనవసరం) నెలాఖరు రోజు రాత్రి ఫోన్‌లో "రెండు శాతం ఎక్స్‌ట్రా ఇస్తున్నాం, బిల్లు కొట్టించు" అన్నారు, మా ఏరియాలో అందరం డిస్ట్రిబ్యూటర్లకి అదే చెప్పి బిల్లులు కొట్టించాం. రెండు నెలలకి ఆ మేనేజర్ ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోయాడు, కొత్తాయన "నా దగ్గర అప్రూవల్ లేదు" అన్నాడు, ఆ రెండు శాతం కోసం డిస్ట్రిబ్యూటర్లు పెట్టిన క్లెయిములన్నీ తిరిగొచ్చాయి. డిస్ట్రిబ్యూటర్ వచ్చి కూర్చునేది మేనేజర్ ఇంటి ముందు కాదు కదా, మన ముందే. ఆ తర్వాత ఆ ఏరియాలో ఎవరు వెళ్ళినా పాత క్లెయిము కాగితమే ముందు బయటికొచ్చేది.

కనీసం వాట్సాప్‌లో అయినా "సార్, మీరు చెప్పిన ప్రకారం ఫలానా స్కీమ్ చెప్తున్నాను" అని ఒక మెసేజ్ పెట్టండి. ఆయన అవునన్నా కాదన్నా మీకు మంచిదే.

టార్గెట్ తక్కువైతే సొంత డబ్బు పెట్టమంటారా?

పెట్టమని ఏ కంపెనీ కాగితమూ చెప్పదు. జరుగుతుందా అంటే జరుగుతుంది, ఎవరో ఒక హోల్‌సేలర్‌కి సరుకు తక్కువ రేటుకి తోసి ఆ తేడా జేబులోంచి పెట్టుకునేవాళ్ళని చూశాను. ఇన్సెంటివ్ వస్తుంది కదా అని మొదలవుతుంది, ఆరు నెలలకి క్రెడిట్ కార్డు మీదకి వస్తుంది. ఒక్కసారి కూడా చెయ్యొద్దు. టార్గెట్ రాలేదని ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది, బేగంబజార్‌లో మీరు బాకీపడ్డారన్న మాట మాత్రం మీకంటే ముందే కొత్త కంపెనీకి చేరుతుంది.

సేల్స్‌మన్‌లకి ఇంకో జబ్బు ఉంది. కొట్టాయన వద్దన్నా ఆర్డర్ కొట్టేస్తారు, మర్నాడు వ్యాను వెళ్తే సరుకు తిరిగొస్తుంది. రిపోర్టులో కాల్ పడింది, డీజిల్ మాత్రం డిస్ట్రిబ్యూటర్‌ది.

ధరలు మారినప్పుడు, ఆన్‌లైన్ వాళ్ళు తక్కువకి అమ్మినప్పుడు తిట్లు ఎవరికి?

బీట్‌లో ఉన్నవాడికి. 2025 సెప్టెంబర్ తీసుకోండి. 3న జీఎస్టీ కౌన్సిల్ ప్రకటించింది, 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, హెయిర్ ఆయిల్, బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. జనానికి మంచి వార్త. మధ్యలో ఆ మూడు వారాలు మాత్రం కొట్టాయన ఆర్డర్ ఎందుకిస్తాడు? "తగ్గాక రా" అన్నారు అందరూ. 22 తర్వాత పాత ఎమ్మార్పీ సరుకు గోడౌన్లో, కొత్త రేటు బిల్లులో, ఏ ప్యాకెట్ ఏ ధరకి ఇవ్వాలో ప్రతి కొట్టులో పంచాయితీ. బట్టల సబ్బులు, డిటర్జెంట్ పౌడర్లు 18 శాతంలోనే ఉండిపోయాయి, అది తెలియక "ఒంటి సబ్బుకి తగ్గిస్తారు, బట్టల సబ్బుకి తగ్గించరా, మధ్యలో నువ్వు తింటున్నావా" అని నవ్వుతూనే అన్నవాళ్ళు ఎందరో. అయినా ఆ నెల టార్గెట్ పేపర్ మీద అంకె ఎప్పటిలాగే ఉంటుంది మరి.

ఆన్‌లైన్ సంగతి ఇంకా ముదురు. 2022 జనవరిలో మహారాష్ట్ర డిస్ట్రిబ్యూటర్లు ఇదే విషయం మీద, అంటే పెద్ద ఆన్‌లైన్ సంస్థలకి ఒక రేటు, మాకు ఒక రేటా అని, కోల్గేట్ సరుకు కొన్ని రకాలు ఆపేశారు. ఇప్పుడు పది నిమిషాల డెలివరీ యాప్‌లు వచ్చాక హైదరాబాద్ బీట్‌లో కొట్టాయన ఫోన్ తీసి రేటు చూపించి మరీ అడుగుతాడు. దానికి మీ దగ్గర జవాబు ఉండదు. లేదని ఒప్పుకుని, ఆయన కొట్టులో బాగా కదిలే చిన్న ప్యాకెట్ల మీద మాట్లాడటమే దారి.

పెట్రోల్, బండి ఖర్చులు ఇస్తారా?

ఇస్తారు, కిలోమీటరుకి ఇంత అని, లేదా నెలకి ఫిక్స్‌డ్‌గా. బండి అరుగుదల, టైర్లు ఎవరూ ఇవ్వరు. క్లెయిము ప్రతి నెలా గడువులోపే పెట్టండి, "వచ్చే నెల కలిపి పెడదాంలే" అనుకున్న డబ్బు వస్తుందన్న నమ్మకం లేదు. ఈఎస్ఐ దాటిన జీతమైతే గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ ఉందా, ఎంతకి ఉందో అడగండి. రోజంతా హైవే మీద ఉండే పని ఇది.

అమ్మాయిలు ఫీల్డ్ సేల్స్ చెయ్యగలరా?

చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. కొట్ల దగ్గర ఇబ్బంది నేననుకున్నంత లేదని మా టీమ్‌లో చేసినవాళ్ళే చెప్పారు. వాళ్ళు చెప్పిన అసలు ఇబ్బంది టాయిలెట్. మండల కేంద్రాల్లో రోజంతా తిరిగే లైన్‌లో ఒక్క చోటు ఉండదు, పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా తిరుగుతారు. పెట్రోల్ బంకులు చూసుకుని రూట్ వేసుకోవడం నేర్చుకున్నారు వాళ్ళు, బీట్ ప్లాన్ వేసే మగ మేనేజర్లకి ఆ ఆలోచనే రాదు.

వేధింపుల విషయంలో ఒకటి తెలుసుకోండి. 2013 చట్టం ప్రకారం ఆఫీసు ఒక్కటే పనిచోటు కాదు, పని మీద వెళ్ళిన ఏ చోటైనా, డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ కూడా లెక్కలోకి వస్తుంది. మ్యాన్‌పవర్ ఏజెన్సీ ద్వారా చేరినవాళ్ళకీ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, చేరిన రోజే ఆ కమిటీ మెయిల్ ఐడీ రాసిపెట్టుకోండి.

పల్లెల్లో అమ్మకం ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. హిందుస్థాన్ లీవర్ (ఇప్పటి హిందుస్థాన్ యూనిలీవర్) 2000ల మొదట్లో పొదుపు సంఘాల మహిళలతో 'శక్తి' పేరుతో అమ్మకాలు మొదలుపెట్టింది మన నల్గొండ జిల్లాలోనే. వాళ్ళు కూడా కంపెనీ ఉద్యోగులు కాదు లెండి, సొంతంగా సరుకు కొని అమ్ముకునేవాళ్ళు.

ఫ్యాక్టరీ ఉద్యోగం నయమా?

ఇంటికొచ్చాక ఫోన్ మోగదు, ఆ ఒక్కదాంట్లో చాలా నయం. మనవైపు అవకాశాలు బాగానే పెరిగాయి: కొత్తూరులో పీ అండ్ జీ, మహేశ్వరంలో సంతూర్ సబ్బు చేసే విప్రో కన్స్యూమర్ కేర్ (2022), మెదక్ జిల్లా మనోహరాబాద్‌లో ఐటీసీ ఫుడ్స్ (2023), శ్రీసిటీ వైపు కోల్గేట్, మాండెలీజ్, పెప్సికో. ఐటీఐ, డిప్లొమా వాళ్ళకి మంచి దారి. అక్కడ కూడా పర్మనెంటు, కాంట్రాక్టు, అప్రెంటిస్ అని వేరువేరుగా ఉంటారు, ఎందులో తీసుకుంటున్నారో అడగండి. షిఫ్టులు వారానికోసారి మారతాయా, రాత్రి షిఫ్టుకి బస్సు మీ ఊరిదాకా వస్తుందా, ఇవి జీతమంత ముఖ్యం.

ఎంబీఏ చేసి ట్రైనీగా చేరితే నేరుగా ఆఫీసులో కూర్చోవచ్చా?

కూర్చోనివ్వరు. ముందు బీట్ తిప్పుతారు, పల్లెల్లో ఉంచుతారు. హిందుస్థాన్ లీవర్ వాళ్ళ ట్రైనీలు ఉత్తరప్రదేశ్‌లోని ఎటా (Etah) జిల్లా పల్లెల్లో ఉండొచ్చేవాళ్ళు, ఆ పద్ధతి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచి అలవాటే. ట్రైనీకి అది కొన్ని నెలల ట్రైనింగ్, పక్కన నడిచే సేల్స్‌మన్‌కి అదే జీవితం, ఈ తేడా గుర్తున్న ట్రైనీలు తర్వాత మంచి మేనేజర్లవుతారు.

నాకు ఇంగ్లీషు, హిందీ అంతంతమాత్రం. పైకి వెళ్ళగలనా?

సేల్స్ ఆఫీసర్ దాకా తెలుగు, లెక్కలు చాలు. ఏరియా మేనేజర్ అవ్వాలంటే రివ్యూలో పదిమంది ముందు ఎక్సెల్ షీట్ పెట్టి ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడాలి. మనవాళ్ళు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే, అమ్మడం రాక కాదు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్, వీ-లుకప్ (VLOOKUP) ముందు నేర్చుకోండి, భాష దాని వెనకే వస్తుంది. ఇంకోటి, ప్రమోషన్ అంటే ఊరు మారాల్సిందే. గుంటూరులోనే ఉంటాను, ఏరియా మేనేజర్ కావాలి అంటే కుదరదు.

మానేస్తే డబ్బులు ఎన్నాళ్ళకి వస్తాయి?

కొత్త వేతన కోడ్ రెండు పనిదినాల్లో జీతం సెటిల్ చెయ్యాలంటుంది. సేల్స్‌లో మాత్రం డిస్ట్రిబ్యూటర్ల నుంచి ఎన్‌ఓసీ తెమ్మంటారు, అంటే మీ హయాంలో క్లెయిములు, బాకీలు ఏమీ లేవని సంతకం. పెండింగ్ క్లెయిము ఉన్న డిస్ట్రిబ్యూటర్ ఎందుకు పెడతాడు? నోటీసు ఇచ్చే ముందే క్లెయిములన్నీ క్లియర్ చేయించుకోండి, మెయిల్ ఐడీ మూసేయకముందే పేస్లిప్పులు, ఇన్సెంటివ్ లెటర్లు, అప్రూవల్ మెయిళ్ళు ఏవి మీకు ఇవ్వదగినవో అడిగి తీసుకోండి. పీఎఫ్ నంబరు (యూఏఎన్) పాతదే కొత్త కంపెనీకి ఇవ్వండి.

డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్‌మన్‌ని. కంపెనీలోకి వెళ్ళే దారి ఉందా?

ఉంది, సన్నటిది. డిగ్రీ లేకపోతే చాలా కంపెనీలు ఆన్ రోల్ తీసుకోవు, కాబట్టి దూరవిద్యలోనైనా పూర్తి చెయ్యండి. మొదట వేరే చిన్న కంపెనీలో ఆఫ్ రోల్ ఆఫీసర్‌గా మారి, అక్కడి నుంచి పెద్ద కంపెనీకి వెళ్ళినవాళ్ళే ఎక్కువ, ఉన్నచోటే ఎదిగినవాళ్ళు తక్కువ. మీ లైన్‌లోకి వచ్చే వేరే కంపెనీల ఆఫీసర్లతో పరిచయం పెంచుకోండి, ఖాళీలు ముందు వాళ్ళకే తెలుస్తాయి. మీ నెలవారీ సెకండరీ, ఎన్ని కొట్లు కొత్తగా తెరిచారు అన్నది ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ఉండండి, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ పుస్తకమే ఎక్కువ మాట్లాడిస్తుంది.

ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా" అంటే ఏమడగాలి?

నా ముందు ఈ ఏరియా చూసినాయన ఎందుకు వెళ్ళిపోయాడు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇప్పుడు ఎన్ని రోజుల స్టాకు ఉంది, పెండింగ్ క్లెయిములు ఎంత. మూడూ మర్యాదగానే అడగండి. చెప్పడానికి ఇబ్బంది పడితే మర్నాడు ఆ ఊరు వెళ్ళి ఏజెన్సీ దగ్గర టీ తాగండి, గుమస్తానే అంతా చెప్తాడు.